మన వెబ్‌సైటు ఏ బ్రౌజర్లలో పనిచేయాలి? పాతికేళ్ళ వాదం, ఇంకా తేలని లెక్క

ఖరగ్‌పూర్ రైల్వే పట్నంలో, ఝపటాపూర్ వంటి పేటల్లో ఉండే తెలుగు కుటుంబాలకు వెబ్‌సైట్లతో పడే పని ఒక్క రకం కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పనికోసం వచ్చి స్థిరపడిన వాళ్ళ పిల్లలు, మనవలు వీళ్ళు. పింఛను పనికి రైల్వే పోర్టల్ చూడాలి. సొంతూరికి వెళ్ళాలంటే ఐఆర్‌సీటీసీ. రేషను కార్డుకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ సైటు, ఊళ్ళో మిగిలిన భూమి కాగితాలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సైటు, పొద్దున్నే చదువుకోడానికి తెలుగు పత్రిక. చేతిలోని పరికరాలూ అంతే: పిల్లల దగ్గర కొత్త ఫోను, పెద్దల దగ్గర వాళ్ళు వాడి వదిలేసిన పాత ఫోను, ఫారం నింపాలంటే బజారులో నెట్ సెంటరు.

ఈ సైట్లలో ప్రతిదాని వెనకా, ఎవరో ఎక్కడో ఒక నిర్ణయం చేసి ఉంటారు: ఈ బ్రౌజర్లలో బాగా నడవాలి, ఆ బ్రౌజర్ల సంగతి మనకు పట్టదు అని. చాలా సంస్థల్లో ఈ నిర్ణయం కాగితం మీద ఉండదు. సైటు తయారుచేసిన కుర్రాడి కంప్యూటర్లో ఏ బ్రౌజరు ఉందో అదే సంస్థ విధానం అయిపోతుంది. నిపుణులు మాత్రం దీనిమీద రెండు దశాబ్దాలకు పైగా వాదించుకుంటున్నారు. వాదంలోకి భద్రత, ఖర్చు, చట్టం, భాష అన్నీ వచ్చి చేరి చిక్కుముడి పడింది. ఆ ముడి ఎలా పడిందో, ఎవరు ఏమంటున్నారో, ఏది ఇంకా తేలలేదో ఇక్కడ చూద్దాం.

ఒక్క బ్రౌజరు రాజ్యం, తెలుగు పత్రికల పాఠం

1990ల చివర్లో పోటీ రెండింటి మధ్య: నెట్‌స్కేప్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్. సైటు అడుగున ‘ఈ బ్రౌజరులో, ఇంత తెర కొలతలో చూడండి’ అని రాయడం అప్పట్లో మామూలు మర్యాద. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది. రెండేళ్ళలో ప్రపంచంలో పది మందిలో తొమ్మిది మందికి పైగా ఎక్స్‌ప్లోరరే వాడే స్థితి ఏర్పడింది. ఐఆర్‌సీటీసీ ఆన్‌లైన్ టికెట్లు మొదలుపెట్టిన 2002 ఆ కాలానిదే. అలాంటప్పుడు ‘ఏ బ్రౌజరు’ అన్న ప్రశ్నకు చోటేముంది?

ఆ ధోరణికి తెలుగు పాఠకుడు చెల్లించిన మూల్యం మిగతావారి కంటే ఎక్కువ. యూనికోడ్‌లో తెలుగుకు 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే చోటు దొరికింది. అయితే వాడే కంప్యూటర్లకు ఆ అక్షరాలను గుణింతాలతో, వత్తులతో కూర్చి చూపించడం తెలియదు. విండోస్‌లో ఆ పని ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో మొదలైంది. అప్పుడు కూడా కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్ళి క్లిష్ట లిపుల సదుపాయాన్ని విడిగా ఎక్కించుకోవలసి వచ్చేది. పత్రికలు అందాకా ఆగలేదు. ప్రతి పత్రికా తన సొంత ఫాంటు, తన సొంత సంకేతాలు పెట్టుకుంది. పాఠకుడు ఫాంటు దించుకునే శ్రమ లేకుండా ‘డైనమిక్ ఫాంటు’ అనే పద్ధతి వచ్చింది. మైక్రోసాఫ్ట్ పద్ధతి ఎక్స్‌ప్లోరర్లోనే నడిచేది, నెట్‌స్కేప్‌కు వేరే పద్ధతి ఉండేది. నెట్‌స్కేప్ పడిపోయాక ఎక్స్‌ప్లోరర్ పద్ధతే నిలిచింది.

2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చింది. దాంట్లో తెలుగు పత్రిక తెరిస్తే, ఫాంటు ఎక్కించుకోనివాళ్ళకు, కొమ్ములూ చుక్కలూ పెట్టిన లాటిన్ అక్షరాల గజిబిజి కనిపించేది. అది పత్రికల పట్టింపులేనితనం కాదు. వాళ్ళు ఎంచుకున్న పద్ధతే ఒక కంపెనీ బ్రౌజరుకు కట్టుబడి ఉంది. ఈ చిక్కును విప్పింది పత్రికలు కాదు, బయటివాడు. తెలుగు వికీపీడియాను 2003 డిసెంబరులో మొదలుపెట్టిన వెన్న నాగార్జునే ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింతను రాశారు. పత్రికల సొంత సంకేతాలను అది అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. ఒక భాషలోని పత్రికలన్నిటికీ ఒక మనిషి అనువాదకుడిగా నిలబడాల్సి రావడం తలచుకుంటే గౌరవమూ కలుగుతుంది, బాధా కలుగుతుంది.

నష్టం బ్రౌజరుతో ఆగలేదు. సొంత సంకేతాల్లో ఉన్న పాఠాన్ని వెతుకుడు యంత్రాలు చదవలేవు. ఆనాటి వార్తల్లో ఏదైనా తెలుగు మాట వెతికితే దొరకని పరిస్థితికి మూలం ఇదే. బ్రౌజరు ఎంపిక పైకి చిన్న సాంకేతిక విషయంలా కనిపించినా, భాషా సంపద దక్కడమో దక్కకపోవడమో దానిమీద ఆధారపడింది.

దక్షిణ కొరియా ఇంకో దారిలో ఇదే గుంటలో పడింది. 1999లో సొంత గుప్తలేఖన పద్ధతిని తెచ్చుకుని, బ్యాంకు పనులకూ ప్రభుత్వ పనులకూ ఎక్స్‌ప్లోరర్లో మాత్రమే నడిచే యాక్టివ్‌ఎక్స్ తప్పనిసరి చేసుకుంది. దేశమంతా ఎక్స్‌ప్లోరర్‌కు బందీ అయింది. ఆ పనులకు వాడే అధికార ధ్రువపత్రాల గుత్తాధిపత్యం చట్టపరంగా ముగిసేసరికి 2020 డిసెంబరు వచ్చింది. మన దేశంలో డిజిటల్ సంతకం అడిగే టెండరు పోర్టళ్ళు కూడా జావా ప్లగిన్ల మీద నడిచేవి. క్రోమ్ 2015లో, ఫైర్‌ఫాక్స్ 2017లో ఆ ప్లగిన్లకు స్వస్తి చెప్పేసరికి చాలా కార్యాలయాలు టెండరు కోసమే ఒక పాత కంప్యూటరును పక్కన దాచుకోవలసి వచ్చింది.

నాలుగు మార్గాలు

ఇప్పుడు వాదంలో ఉన్న మార్గాలు ప్రధానంగా నాలుగు. మొదటిది జాబితా: ఫలానా బ్రౌజరు, ఫలానా కూర్పు నుంచి పైకి. గుత్తేదారుకు అర్థమవుతుంది, పరీక్షించడం తేలిక. రాసిన ఏడాదికే పాతబడుతుందన్నది దీని జబ్బు. బ్రౌజర్లు ఇప్పుడు నెలకో కూర్పు చొప్పున వస్తున్నాయి. దీనిమీద ఇంతకంటే చెప్పుకోవలసింది లేదు.

రెండోది శాతం లెక్క. అమెరికా ప్రభుత్వ వెబ్ డిజైన్ వ్యవస్థ తమ సైట్ల సందర్శకుల్లో 2 శాతం దాటిన బ్రౌజర్లకు మద్దతు ఇస్తామంది. బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం నుంచి తీసుకున్న ఆలోచన ఇది. ఊహలను పక్కనపెట్టి లెక్క చూడటం దీని బలం. కానీ లెక్కలో రెండు లొసుగులున్నాయి. లక్ష మంది వచ్చే సైటులో 2 శాతమంటే 2000 మంది. వార్తల సైటుకు అది వదులుకోదగ్గ సంఖ్యేమో కానీ, పింఛను సైటుకు కాదు. రెండో లొసుగు ఇంకా లోతైనది. సందర్శకులను లెక్కపెట్టేది ఎక్కువగా జావాస్క్రిప్ట్. ఏ బ్రౌజరులో సైటు లోడ్ కాలేదో, ఆ బ్రౌజరు లెక్కలోకే రాదు. రాలేకపోయినవాళ్ళను లెక్కపెట్టకుండా, వచ్చినవాళ్ళను చూసి ‘పాత ఫోన్లు ఎవరూ వాడటం లేదు’ అని తీర్మానించడం న్యాయం కాదు.

బ్రిటన్ వాళ్ళే 2013లో చేసిన కొలత ఇక్కడ పనికొస్తుంది. తమ సైటుకు వచ్చినవాళ్ళలో 1.1 శాతానికి జావాస్క్రిప్ట్ అందడం లేదని తేలింది. అందులో 0.2 శాతమే దాన్ని ఆపుకున్నవాళ్ళు, లేదా అది లేని బ్రౌజరు వాడేవాళ్ళు. మిగతా 0.9 శాతానికి బ్రౌజరు మంచిదే. దారిలో ఎక్కడో నెట్ తెగడం, ఆఫీసు ఫైర్‌వాల్ అడ్డుకోవడం వంటి కారణాలు. కనక బ్రౌజరు పేరునుబట్టి మనుషులను విడదీస్తే, మంచి ఫోను ఉండీ సిగ్నల్ లేనివాడు ఏ గడిలోనూ ఇమడడు.

మూడోది తరగతులు, పొరలు. 2006లో యాహూలో నేట్ కోక్లీ బ్రౌజర్లను మూడు తరగతులుగా చేశాడు. ఒకదానికి పూర్తి హంగులు, పూర్తి పరీక్ష. పాతదని తెలిసిన రెండోదానికి ఉత్త పాఠం, ఉత్త ఫారం. ఎవరో తెలియని అరుదైన మూడోదానికి, పనిచేస్తుందన్న నమ్మకంతో పూర్తి హంగులే పంపడం. ‘మద్దతు అంటే అందరికీ ఒకేలా కనిపించడం కాదు’ అని స్పష్టంగా చెప్పిన మాట అది. అంతకు మూడేళ్ళ ముందే, 2003లో, స్టీవెన్ చాంపియన్ ‘క్రమంగా హంగులు చేర్చడం’ అనే సూత్రాన్ని ముందుకు తెచ్చాడు: ముందు ఏ బ్రౌజరైనా చదవగల హెచ్‌టీఎంఎల్, తరువాత అలంకారం, ఆ తరువాత చలనం. 2012లో బీబీసీ వార్తల విభాగం బ్రౌజరు పేరు అడగడం మానేసి, మూడు నాలుగు సామర్థ్యాలు ఉన్నాయో లేదో చూసి హంగులు పంపే పద్ధతి పెట్టుకుంది. ఎన్ని ఏసీ బోగీలు తగిలించినా బండికి జనరల్ బోగీ తీసేయరు కదా, ఈ వాదం అడిగేది అంతే.

దీనికి ఎదురుగా వచ్చే అభ్యంతరం ఖర్చు. రెండుసార్లు కట్టాలి, రెండుసార్లు పరీక్షించాలి అంటారు. పటాలు, వీడియోలు, ప్రత్యక్ష సీట్ల పటాల వంటివాటికి అది నిజమే. ఫారం నింపి పంపడం, నోటీసు చదవడం, ఫలితం చూసుకోవడం వంటి పనులకు నిజం కాదు. అవి 1990ల హెచ్‌టీఎంఎల్‌తోనే నడుస్తాయి. ప్రభుత్వ, రైల్వే పనుల్లో సింహభాగం ఈ రకానివే.

నాలుగోది ఇటీవలిది, ‘బేస్‌లైన్’. 2023లో మొదలైంది. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ నాలుగూ ఒక సదుపాయాన్ని అందుకున్న 30 నెలలకు అది ‘విస్తృతంగా దొరుకుతోంది’ అని ముద్ర పడుతుంది. పనిచేసేవాళ్ళకు ఎంతో ఊరట, అంతకుముందు ఒక్కో సదుపాయానికీ పట్టికలు వెతుక్కోవలసి వచ్చేది. అయితే ఆ నాలుగు పేర్లలో ఒపేరా మినీ లేదు. 2017లో లక్షల ఇళ్ళకు చేరిన జియోఫోన్‌లోని కైఓఎస్ బ్రౌజరు లేదు. అది 2016 నాటి ఫైర్‌ఫాక్స్ ఇంజను మీద ఆగిపోయింది. అమెరికా ఆఫీసులో కూర్చుని గీసిన కనీస మట్టం మన బజారుకు కనీసం కాకపోవచ్చు.

పోల్చి చెప్పాలంటే: జాబితా గుత్తేదారును కాపాడుతుంది. శాతం బడ్జెట్టును కాపాడుతుంది. బేస్‌లైన్ ప్రోగ్రామరు సమయాన్ని కాపాడుతుంది. పొరల పద్ధతి ఒక్కటే ఎదుటి మనిషి వైపు నుంచి మొదలవుతుంది.

భద్రత గీసే గీత

పొరల పద్ధతికి కూడా ఒక హద్దుంది, అది భద్రత. పాత టీఎల్ఎస్ 1.0, 1.1 గుప్తలేఖన పద్ధతులను ప్రధాన బ్రౌజర్లన్నీ 2020లో వదిలేశాయి. డబ్బు, ఆధార్, పాస్‌వర్డు కదిలే పేజీల్లో వాటిని సర్వరు కూడా ఆపాలి. ఇందులో రెండో మాట లేదు. ఎక్స్‌ప్లోరర్ 11కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న స్వస్తి చెప్పింది. విండోస్ 7 మీద క్రోమ్ 109తోనే ఆగిపోయింది, 2023 నుంచి కొత్త కూర్పులు లేవు. ఆండ్రాయిడ్ 7 ఫోన్లకు క్రోమ్ 119 చివరిది.

ఇక్కడే రెండు వర్గాలు విడిపోతాయి. పాత బ్రౌజరును రానిస్తే ఆ మనిషిని ప్రమాదంలో ఉంచినట్టేనని, మూసేస్తేనే కొత్తది తెచ్చుకుంటాడని ఒకరు అంటారు. ఫోను మార్చడం బ్రౌజరు మార్చడంలాంటిది కాదని, వేలల్లో ఖర్చని మరొకరు. 2010లో గూగుల్, యూట్యూబ్ ఎక్స్‌ప్లోరర్ 6ను వదిలేసినప్పుడు మొదటి వాదం నెగ్గింది, ఎందుకంటే ఇంకో బ్రౌజరు ఉచితంగా దించుకోవచ్చు. పాత ఆండ్రాయిడ్ ఫోనులో ఆ వీలు అంతగా లేదు. సైట్లకు భద్రతా ధ్రువపత్రాలిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఆధారపడిన పాత మూలపత్రం గడువు 2021 సెప్టెంబరులో తీరినప్పుడు, ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాత ఫోన్లలో లెక్కలేనన్ని సైట్లు తెరుచుకోకుండా పోయే ప్రమాదం వచ్చింది. ఆ సంస్థ ప్రత్యేకంగా ఒక అడ్డసంతకం ఏర్పాటు చేసి వాటిని నిలబెట్టింది. ఆ ఫోన్లను వదిలేయడం తేలికే. వాళ్ళు వదల్లేదు. భద్రత పేరుతో మనుషులను వెళ్ళగొట్టడమొక్కటే దారి కాదని చూపిన ఉదాహరణ అది.

న్యాయమైన గీత బహుశా ఇది: చదివే పేజీలకు గుప్తలేఖన మట్టం తప్ప వేరే అడ్డు ఉండకూడదు. లావాదేవీ పేజీల్లో, మద్దతు ఆగిపోయిన బ్రౌజరుకు హెచ్చరిక చూపి, దగ్గరలోని కౌంటరు చిరునామా ఇవ్వాలి. ఖాళీ తెర మాత్రం చూపకూడదు.

తెలుగు అక్షరం కూడా పరీక్షే

బ్రౌజరు జాబితాల మీద వచ్చే వాదమంతా ఇంగ్లీషు పేజీలను దృష్టిలో పెట్టుకుని సాగుతుంది. ఇంగ్లీషులో నున్నగా కనిపించిన పేజీ తెలుగులో విరిగిపోవచ్చు. 2012లో ఆండ్రాయిడ్ 4.1 వచ్చేదాకా చాలా ఫోన్లలో తెలుగు అంటే ఖాళీ డబ్బాలే. అప్పటి పాఠకులు ఒపేరా మినీలో రహస్య అమరిక తెరిచి, క్లిష్ట లిపులను బొమ్మలుగా చూపమని చెప్పి చదువుకునేవారు. ఆ అమరిక గురించి ఒకరికొకరు చెప్పుకునేవారు.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు ఒక తెలుగు అక్షరాన్ని చూపబోయి కుప్పకూలాయి. జ, ఞ కలిసిన సంయుక్తాక్షరం, మధ్యలో కనిపించని ఒక విడదీసే గుర్తు. ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది. అంత ఖరీదైన ఫోను తెలుగు వత్తు దగ్గర తడబడిందంటే, తెలుగును ఎవరూ సరిగా పరీక్షించలేదనే.

ఖరగ్‌పూర్‌లో ఈ విషయం ఇంకా బరువైనది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషగా గుర్తింపు ఇచ్చింది. అలా గుర్తించినప్పుడు అది వెబ్‌సైట్లలోకి రావాలి, వచ్చినప్పుడు చూసేవారి ఫోనులో వత్తులతో సహా నిలవాలి. అదే పట్నంలోని ఐఐటీ ఆధ్వర్యంలో జాతీయ డిజిటల్ గ్రంథాలయం నడుస్తోంది, 2018 జూన్‌లో జాతికి అంకితమైంది. బహుభాషా సైటును నడిపే అనుభవం పక్కనే ఉంది. తెలుగు ఫాంటు ఫైళ్ళు ఇంగ్లీషువాటి కంటే బరువైనవి, వంద కిలోబైట్లు దాటడం మామూలే. ఫాంటు దిగేలోపు ఫోనులో ఉన్న తెలుగు ఫాంటుతోనే పాఠం కనిపించేలా పెట్టాలి. పేరు రాసే గడి తెలుగు అక్షరాలు తీసుకుంటుందో లేదో చూడాలి. బ్రౌజరు పరీక్షల పట్టికలో ఈ రెండు వరుసలు చేరకపోతే ఆ పట్టిక మనకు సగమే.

చట్టం ఎంతవరకు చెబుతుంది

భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లో వచ్చాయి, మూడో కూర్పు 2023లో. వేర్వేరు బ్రౌజర్లలో పరీక్షించాలని అవి అడుగుతాయి. ఏ కూర్పు దాకా, ఏ ఫోను దాకా అన్నది సంస్థకే వదిలేశాయి. ఈ ఖాళీని కోర్టులు వేరే వైపు నుంచి నింపుతున్నాయి. 2021లో 18 నుంచి 44 ఏళ్ళవారికి కోవిడ్ టీకా కావాలంటే కోవిన్‌లో ఆన్‌లైన్ నమోదు తప్పదన్నప్పుడు, మే 31 నాటి ఉత్తర్వులో సుప్రీంకోర్టు డిజిటల్ అంతరం గురించి ప్రభుత్వాన్ని నిలదీసింది. 2025 ఏప్రిల్ 30న, డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగంలోని 21వ అధికరణంలో భాగమని తేల్చింది. ఆ కేసులు బ్రౌజర్ల గురించి కావు. అయినా ప్రజాసేవ నడిపే సంస్థ ‘ఆ బ్రౌజరు మా జాబితాలో లేదు’ అని చెప్పి తప్పుకోవడం ఇకమీదట కష్టం.

ఇంకా తేలనివి

పెద్ద ప్రశ్న ఒకటి మనల్ని మళ్ళీ మొదటికి తెస్తోంది. ఎడ్జ్ 2020 జనవరి నుంచి క్రోమ్ ఇంజను మీదే నడుస్తోంది. ఒపేరా అంతకుముందే మారింది. ఐఫోనులో, ఐరోపా సమాఖ్య వంటి కొన్ని చోట్ల తప్ప, అన్ని బ్రౌజర్లకూ ఆపిల్ ఇంజనే తప్పనిసరి. పేర్లు ఎన్నో, ఇంజన్లు మూడే. పరీక్షించేవాడికి ఇది సుఖమని కొందరు, ఎక్స్‌ప్లోరర్ 6 నాటి గుత్తాధిపత్యం తిరిగి వస్తోందని కొందరు. తెలుగు పత్రికల అనుభవాన్ని బట్టి రెండో భయం వైపే మొగ్గాలి. క్రోమ్‌లో మాత్రమే చూసి వదిలిన సైటు, పాతికేళ్ళ కిందటి డైనమిక్ ఫాంటు సైటుకు చెల్లెలే.

సామాజిక మాధ్యమాల యాప్‌ల లోపల తెరుచుకునే బ్రౌజర్లను, బ్రౌజరు బదులు యాప్ దించుకోమనే ధోరణిని ఏం చేయాలో, పాత పరికరాల్లో పరీక్షకయ్యే ఖర్చు ఎవరు భరించాలో కూడా తేలలేదు.

తేలినవి మాత్రం చేయడానికి అడ్డు లేదు. ప్రజలు వేరే దారి లేక వచ్చే సైటుకు శాతం లెక్క పనికిరాదు, పొరల పద్ధతే సరైనది. దుకాణం సైటుకో వినోదం సైటుకో బేస్‌లైన్ చాలు. ఖరగ్‌పూర్‌లో గానీ మరెక్కడైనా గానీ సంస్థ సైటు బాధ్యత మీ చేతిలో ఉంటే, తరువాతి టెండరు పిలిచేలోపు ఒక్క పేజీ రాయండి: ఏ పనులు ఏ ఫోనులోనైనా జరగాలి, ఏవి కొత్త బ్రౌజరులో చాలు, తెలుగు, బెంగాలీ, హిందీ పాఠాన్ని ఏయే పరికరాల్లో చూశారు, మళ్ళీ ఎప్పుడు చూస్తారు. తేదీ వేసి సైటులో పెట్టండి. అదే పేజీని టెండరు షరతుల్లో చేర్చి, ఆ పరీక్ష పూర్తయ్యాకే బిల్లు చెల్లించండి.